ఆ పాట అమ్మదా, కారుదా

2022 వానాకాలం. హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలో నా స్పీచ్ థెరపీ గది తెరిచి అప్పటికి చాలా ఏళ్లయింది. కింద గాజుల దుకాణం, పైన నేను. స్పీచ్ థెరపిస్టులు ఏం చేస్తారని చాలామంది అడుగుతుంటారు. మాట పోయినవాళ్ల చేత మళ్లీ మాట్లాడించడానికి ప్రయత్నిస్తాం. ఎదుటి మనిషి మాట వెతుక్కుంటున్నప్పుడు నోరు మూసుకుని కూర్చోవడం ఈ వృత్తికి కావలసిన మొదటి గుణం. అది నాకు పుట్టుకతో రాలేదు. మా నాన్నది అఫ్జల్‌గంజ్‌లో కిరాణా హోల్‌సేల్ దుకాణం. మా ఇంట్లో ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటారు. ఇప్పటికీ నేను కాసేపు మాట్లాడకుండా ఉంటే మా అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది.

ఆ వానల్లోనే యాదగిరిని ఆయన భార్య సువర్ణ ఆటోలో తీసుకొచ్చింది. వాళ్లది మాదన్నపేట. ఆయన లైన్‌మన్, అంటే వాల్వు తిప్పి గల్లీలకు నల్లా నీళ్లు వదిలే ఉద్యోగం. యాభై దాటాయి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు బలహీనపడ్డాయి, మాట పోయింది. దీన్ని అఫేసియా అంటాం. తెలివి పోదు. ఆయనలాంటి వాళ్లకు ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, మాటే దొరకదు. మొదటి కొన్ని నెలల్లోనే కోలుకోవడం వేగంగా ఉంటుంది. ఆ నెలల్లో రోగి విసిగిపోయి ప్రయత్నం మానేస్తే తర్వాత ఎంత మొత్తుకున్నా అంత ఫలితం రాదు. యాదగిరి మానేసేలాగే ఉన్నాడు.

కప్పు బొమ్మ చూపిస్తే ఆయన నోరు తెరిచేవాడు. శబ్దం బయటికి రాకముందే సువర్ణ "చాయ్, చాయ్ అంటుండు మేడం" అనేది. ఇంట్లోనూ అంతేనట. ఆయన కళ్లు తిప్పితే నీళ్లు, తల ఊపితే అన్నం. పాపం, ఆమె ప్రేమంతా అందులోనే ఉంది. ఆయనకు మాత్రం నోరు తెరిచే అవసరమే లేకుండా పోయింది.

మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగులుతుంది. ఎడమచేత్తో తాళం వేయిస్తూ, మాటను రాగంలా సాగదీసి పలికించే పద్ధతి ఒకటి ఉంది. మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ అని పేరు. ఆయనకు ఏ పాటలు ఇష్టమని సువర్ణను అడిగాను. భజనలంటుందని నా అంచనా.

"భజనలేడికెల్లి మేడం, ఈయనకు ర్యాప్ పాటలు గావాలె," అంది సిగ్గుపడుతూ. "చబుత్ర చిన్నా అని మా మార్కెట్ పోరడే. వాళ్లమ్మ మా గల్లీ మొగల బండి మీద కూరగాయలు అమ్ముతుండే. ఈయన, ఈయన దోస్తు దేవదానం అన్న రోజు హోటల్ల కూసోని వాని పాటల మీద లొల్లి వెట్టుకుంటుండ్రి. ఇంటికొచ్చినంక మళ్ల ఫోన్ల గదే లొల్లి."

"దేని గురించి లొల్లి?"

"గా పాట అమ్మ మీదనా, కారు మీదనా అని."

ఆ పాట నేనూ విన్నాను. "అమ్మా, నీ బండికి నాలుగు చక్రాలు, నా బండికీ నాలుగే చక్రాలు, నీది ఎండల, నాది ఏసీల" అని మొదలవుతుంది. ఆ తర్వాత పాటంతా కొత్త కారు వర్ణనే. మొదట్లో నల్లాల దగ్గర బిందెల కొట్లాట మీద, పొంగే మురికి నాలాల మీద పాడిన కుర్రాడు ఇలా అయ్యాడేమిటని సగం మంది అభిమానులకు కోపం. కాదు, ఏం పాడినా వాడి ధ్యాసంతా తల్లి మీదేనని మిగతా సగం. ఆ హోటల్లో మొదటి జట్టుకు పెద్ద దేవదానం, రెండో జట్టుకు పెద్ద మా యాదగిరి. మీసాలు నెరిసిన ఇద్దరు మగవాళ్లు ర్యాప్ పాట కోసం కొట్టుకుంటారంటే నాకు నవ్వొచ్చింది.

సరే, ఫోన్లో ఆ పాటే పెట్టాం. యాదగిరి ఎడమచెయ్యి బల్ల మీద దానంతటదే తాళం వేసింది. "అమ్మా, నీ బండికి" అని మాటలు తన్నుకొచ్చాయి. సువర్ణ ఏడ్చేసి, చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. నేనూ మురిసిపోయాను. అయితే పాటలో వచ్చే మాట సొంత మాట కాదు. అంకెలు, వారాల పేర్లు, తిట్లు కూడా ఇలాగే వస్తాయి. ఆటోమేటిక్ స్పీచ్ అంటాం. దాహమేస్తే నీళ్లడగడానికి అది పనికిరాదు. ఈ సంగతి యాదగిరికి కూడా తెలిసిపోయింది. ఇంటికొచ్చినవాళ్లంతా "ఒక్కసారి పాడు బావా" అని చుట్టూ చేరేవాళ్లట. కొన్నాళ్లకు, తాళం వేయమంటే ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడవైపు తిరిగిపోయాడు. బతిమాలినా, కసిరినా అంతే.

అలాంటి రోజున దేవదానం వచ్చాడు. కార్పెంటర్. మెట్ల మీద ఉండగానే గొంతు వినిపించింది. గదిలోకి రాగానే ఆ గొంతు సగమైపోయింది. బత్తాయిల సంచి పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మంచిగున్నవా యాదగిరన్నా? నువ్వేం ఫికర్ జెయ్యకు. గా పాట ముచ్చట గూడ నువ్వు చెప్పిందే కరెక్ట్ అన్నా. గది అమ్మ పాటనే. నేనే తప్పు."

యాదగిరి మొహం ఎర్రబడింది. ఎడమచేత్తో నా బొమ్మల కార్డులన్నీ కిందికి తోసేశాడు. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

దేవదానాన్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్లాను. సువర్ణ వెనకే వచ్చింది. "ఇన్నేండ్ల సంది అరేయ్ యాదిగా అంటుంటివి. గిప్పుడు అన్నా అనవడ్తివి. ఆయనకెట్లుంటది?" అంది.

నాకు కోపం ఆగలేదు. "ఆయనకు పోయింది మాట, బుర్ర కాదు. మీరు నిజంగా ఓడిపోయారని నమ్ముతాడనుకున్నారా?"

"మరేం జెయ్యాలె మేడం? నోరు లేని మనిషితోని ఎట్ల కొట్లాడాలె? పాపం గాదా?"

"కొట్లాడండి. హోటల్లో ఎలా కొట్లాడేవారో అలాగే. కేకలు మాత్రం వద్దు. మీ మాట అయ్యాక ఆగండి. ఎంతసేపైనా సరే, ఆగండి."

తర్వాతి సెషన్‌కు దేవదానం వచ్చి యాదగిరి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"అరేయ్ యాదిగా."

గోడవైపున్న తల ఇటు తిరిగింది.

"నేను మొన్న అబద్ధం చెప్పిన. గది కారు పాటనే. అమ్మకు జర్రంత, కారుకు పాటంత. సీట్లంటడు, అద్దాలంటడు. వానికి సోయి తప్పింది. నువ్వేమో అమ్మ, అమ్మ అనుకుంట తిరుగుతవ్. నీకేం తెల్వది."

ఆ చివరి మాట సరిగ్గా తగిలింది. యాదగిరి ముందుకు వంగాడు. "కా... కాదు."

సువర్ణ నోరు తెరవబోయింది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. కింద దుకాణంలో ఎవరో గాజుల బేరం చేస్తున్నారు. ఆ బేరం తెగింది, ఇంకో బేరం మొదలైంది. నా నాలుక చివర పది మాటలున్నాయి, అన్నీ మింగేశాను. యాదగిరి ఎడమచెయ్యి మోకాలి మీద మెల్లగా తాళం వేసుకుంటోంది. ఎవరూ వేయమనలేదు.

"అమ్మ," అన్నాడు.

"ఆఁ, అమ్మ. అమ్మకేంది?"

"తో... తోసింది."

"బండి తోసింది. గంత మాత్రం నాకు తెల్వదా? కూరగాయల బండి."

యాదగిరి తల అడ్డంగా ఊపాడు. చెయ్యి చాపి, ఏదో బరువైనదాన్ని ముందుకు నెడుతున్నట్టు చూపించాడు. "కాదు. కారు. అమ్మ... తోసింది... కారు."

నా బొమ్మల్లో కారు లేదు. పాటలో తోయడమన్న మాటే లేదు. అది ఆయన సొంత వాక్యం. ఆ తల్లి అన్నేళ్లు ఎండలో తోసింది కొడుకు కారునేనని ఆయన అంటున్నాడు. సువర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దేవదానం అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఇక ఈయన ఒప్పేసుకుంటాడు, అంతా పాడవుతుందని భయపడ్డాను.

"ఒప్పుకోను," అన్నాడు దేవదానం. "ముచ్చటైతే మస్తుగ చెప్పినవ్ గానీ, ఒప్పుకోను. మరి గా సీట్ల ముచ్చట గంతసేపు ఎందుకు పాడిండు?"

యాదగిరి నవ్వాడు. ఒకవైపే కదిలే నవ్వు. "ఆగు," అని చెయ్యెత్తి, తర్వాతి మాట కోసం వెతకడం మొదలుపెట్టాడు. మేం ముగ్గురం ఆగాం.

ఆ రోజు నుంచి ఆయన సెషన్లు మానలేదు. మాటంతా తిరిగి రాలేదు, అది నేను దాచను. పొట్టి వాక్యాలు వచ్చాయి. ఫోన్లో మాట్లాడటం ఇప్పటికీ కష్టమే. ఆఫీసులో కూర్చుని చేసే తేలికపాటి పని ఇస్తే డ్యూటీకి వెళ్లాడు. సాయంత్రాలు హోటల్‌కు కూడా వెళ్తున్నాడు. కుర్రాళ్లెవరైనా మధ్యలో అందుకోబోతే దేవదానం "ఆగుండ్రి, మా యాదిగాడు చెప్తుండు" అని అందరి నోళ్లూ మూయిస్తాడట. ఒకసారి ఇద్దరూ నా దగ్గరికొచ్చి, ఆ పాట దేని మీదో తేల్చమన్నారు. చెప్పలేదు. లొల్లి తెగితే నా పేషెంట్‌కే నష్టం.

కొత్త రోగి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లను కొన్ని ప్రశ్నలడగడం మా పద్ధతి. ఆయనకేం తినడం ఇష్టం, ఏ దేవుణ్ణి మొక్కుతాడు, ఏం పాటలు వింటాడు. అవి ఇప్పటికీ అడుగుతాను. యాదగిరి తర్వాత ఇంకొకటి చేర్చాను: "ఈయన రోజూ ఎవరితో కొట్లాడేవాడు?" వాళ్లు ఇబ్బందిగా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కాసేపటికి ఒక పేరు బయటికొస్తుంది. బావమరిది, పక్కింటాయన, లేకపోతే సొంత తమ్ముడు. "ఈసారి వచ్చేటప్పుడు ఆయన్ని కూడా తీసుకురండి," అంటాను.