అచ్చు మిషన్‌కు మొదటి బొట్టు

మా ఆయన పోయాక నాకు మిగిలింది బళ్ళారి బజారు సందులో ఒక గది, అందులో ఒక ట్రెడిల్ మిషన్. కాలితో తొక్కితే పెండ్లి పత్రికలు అచ్చువేసే మిషన్. ఆయన బతికినన్నాళ్ళూ దాన్ని చూసి కుళ్ళుకున్నాను. అది చాలదన్నట్టు ఇంకొకామెను చూసి కూడా కుళ్ళుకున్నాను.

ఆమె కంటోన్మెంట్ వైపు కాలేజీలో మేడం. అచ్చు ఎట్లా పుట్టిందో పుస్తకం రాస్తానని మా ఆయన దగ్గరికి వచ్చేది. నాతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఆమె వస్తే స్టూలు తుడిచి వేసేవాడు. ఎక్కడో జర్మనీ దేశంలో ఒకాయన సీసం కరిగించి ఒక్కో అక్షరాన్ని విడిగా పోశాడని, ద్రాక్షపండ్లు పిండే మరలాంటి దానితోనే కాగితం నొక్కాడని, ఆ విద్య ఓడలెక్కి గోవాకు, ఆ తర్వాత పాదరీల వెంట మన బళ్ళారికి వచ్చిందని ఆమె చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాడు. నేను టీ తెస్తే, "ఆడ పెట్టు" అనేవాడు. అంతే.

నాకు చదువు లేదు. కానీ అచ్చయ్యాక అక్షరాలు కడిగి, మళ్ళీ వాటి గళ్ళలో వేసేది నేనే. సీసంలో అక్షరం తిరగబడి ఉంటుంది. అట్లా ఉంటేనే పోల్చుకుంటాను, కాగితం మీద తిన్నగా ఉంటే తికమక. "నీకు చదువు వీపు పక్క నుంచి వచ్చిందే" అని మా ఆయన ఒకరోజు ఆమె ముందరే అన్నాడు. ఆమె నవ్వలేదు. నాకు ఇంకా మండింది.

ఆయుధపూజకు నాకు చీర తెచ్చినా తేకపోయినా మిషన్‌కు రవికగుడ్డ తెచ్చేవాడు. చక్రానికి బొట్టు మాత్రం నేనే పెట్టాలి. ఏడాదంతా అది ఆయనది, ఆ ఒక్క పొద్దు నాది.

ఆయన పోయాక తొలి ఆయుధపూజకు మేడం వచ్చింది. మిషన్‌ను కాలేజీకి ఇమ్మని అప్పటికే అడిగి ఉంది, నేను ఏమీ తేల్చలేదు. మా తోడికోడలు కుంకుమ పళ్ళెం తెచ్చి తిన్నగా ఆమె చేతిలో పెట్టింది.

"నువ్వు పెట్టు మేడం. మా అక్క పెట్టకూడదు కదా."

నాకు ఒళ్ళు తెలియలేదు.

"స్టూలు నీకే వేసినాడు, మాటలు నీకే చెప్పినాడు. ఈ బొట్టు గూడా నీకేనా మేడమ్మా?"

"నేను అడగలేదు కదక్కా."

"అడక్కుండానే అన్నీ వస్తాండాయి నీకు. అదే నా ఏడుపు!"

తోడికోడలు నా రెక్క పట్టుకుంది. "సుమ్నే ఉండక్కా, పండగపూట గొడవొద్దు."

"యాల ఉండాల? అక్షరాలు కడిగి కడిగి నల్లబడిన చేతులివి. ఆయప్ప పోతే నా చేతులు గూడా పోయినాయా?"

మేడం పళ్ళెం నా ముందర పెట్టింది. "ఆ జర్మనీ ఆయన దగ్గర గూడా మర మిగల్లేదక్కా. కోర్టుకెక్కి ఇంకొకాయన గుంజుకున్నాడు. నేను గుంజుకునేదానికి రాలేదు."

వేలు కుంకుమలో ముంచి చక్రానికి పెట్టాను. తోడికోడలు మొహం తిప్పుకుంది.

"ఇంక మిషన్ను తీసుకపో" అన్నాను మేడంతో. "కానీ ఏటేటా ఈ పొద్దుకు నాకు ఆటో పంపాల. మొదటి బొట్టు నాదే."

మొన్నటి పండక్కి పోయాను. కాలేజీ హాలులో మిషన్‌కు పూలు పెట్టి ఉన్నాయి, కొత్త రవికగుడ్డ ఉంది. ముందు చక్రం చూశాను. బొట్టు లేదు. మేడం స్టూలు తుడిచి వేసింది. బొట్టు పెట్టేదాకా నేను కూర్చోలేదు.