బల్గేరియాకు పంపిన హీటర్

యుద్ధం ఆగిన ఏడాది చలికాలం. రియాద్‌లో మా ఆసుపత్రి కిటికీలకు బాంబుల భయంతో అంటించిన టేపు మరకలు ఇంకా పోలేదు. నేను అక్కడ ఏసీ మెకానిక్‌ని. ఒకరోజు పిల్లల వార్డులో పని చేసుకుంటుంటే బల్గేరియా నర్సు వచ్చి, "నీకు హీటర్ల గురించి తెలుసా?" అనడిగింది.

ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ అంతంత మాత్రమే. అయినా కూతురి మాట వచ్చేసరికి అన్నీ అర్థమయ్యాయి. నడవలేని ఏడేళ్ల పిల్ల, వాళ్ల ఊరి పిల్లల ఆశ్రమంలో ఉంది. కమ్యూనిస్టు సర్కారు ఉన్నన్నాళ్లూ ఖర్చంతా పైనుంచే వచ్చేదట. కొత్త సర్కారు ఆశ్రమాన్ని ఊరి మునిసిపాలిటీ నెత్తిన పడేసి చేతులు దులుపుకుంది.

"పొయ్యి రాజేసుకోవచ్చు కదా?" అన్నాను.

"మా ఊళ్లో ఎవరికీ పొయ్యి లేదు. ఊరంతటికీ ఒకటే బాయిలర్. మునిసిపాలిటీ వేడినీళ్లు వదిలితేనే గదుల్లో గొట్టాలు వెచ్చబడతాయి. ఈసారి బొగ్గు లేదంటున్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. పసిపిల్లలుండే ఇంటికి బొగ్గు లేకపోవడమేమిటి?

ఆ శుక్రవారం మలాజ్ పేటలో దుకాణాలన్నీ తిరిగాను. అక్కడి హీటర్లు చాలావరకు నూటపది వోల్టులవి, వాళ్ల దేశంలో రెండువందల ఇరవై. చివరికి అలాంటిది ఒకటి దొరికింది. దాని ప్లగ్గు పీకేసి, వాళ్ల గోడలకు పట్టే రెండు గుండ్రటి పిన్నులది బిగించాను. ఆసుపత్రిలో ఏసీలకుండే రెండువందల ఇరవై లైను మీద వెలిగించి చూపిస్తే ఆమె అరచేతులు చాచి నవ్వింది. సెలవు మీద వెళ్తున్న ఆమె స్నేహితురాలు దాన్ని పెట్టెలో సర్దుకుని తీసుకెళ్లింది.

సెలవు అయ్యాక ఆ స్నేహితురాలు హీటర్‌తోనే తిరిగొచ్చింది. పిల్లకు నెమ్ము చేసి చనిపోయిందట.

"హీటర్ చేరేసరికి నా పాప బతికే ఉంది," అంది నర్సు. "రాత్రిళ్లు కరెంటే ఉండటం లేదట."

కరెంటు కోత నాకు కొత్తా? కరీంనగర్ జిల్లాలో, ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు కోసం మోటారు దగ్గరే పడుకుని పెరిగినవాణ్ణి. వోల్టులు చూసుకున్నాను, పిన్నులు చూసుకున్నాను. తెల్లవాళ్ల దేశంలో కూడా కరెంటు పోతుందని మాత్రం నా బుర్రకు తట్టలేదు.

ఆమె హీటర్‌ను నా చేతిలో పెట్టింది. "మీ గది చల్లగా ఉంటుంది కదా, వాడుకోండి," అంది. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

మేం పనివాళ్లముండే క్యాంపులో మా గదివాళ్లు ఎగిరి గంతేశారు. "అన్నా, ఏసీ లైను మీద మంచిగ నడుస్తది. జర ప్లగ్గు మార్చరాదే!" అని ఒకటే పోరు.

"నాతోటి గాదు. మీరే మార్చుకోండ్రి," అన్నాను.

వాళ్లే మార్చుకున్నారు. తీగ ఎర్రబడగానే అందరూ అరచేతులు చాచారు, అచ్చం ఆమె చాచినట్టే. నేను దుప్పటి ముసుగుపెట్టి, ముక్కూ మొహం తెలియని ఆ పిల్ల కోసం వెక్కివెక్కి ఏడ్చాను. తెల్లారేదాకా కరెంటు ఒక్కసారి కూడా పోలేదు.