ఆరు మెగాపిక్సెళ్ల అల్లుడు

పాలకొల్లులో మా మామగారి ఇంట్లో, హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగోడకు ఒక పెద్ద ఫోటో కనిపిస్తుంది. గోదావరి ఒడ్డున మామగారూ, అత్తగారూ నిలబడి ఉంటారు. గాలికి ఆయన కండువా ఎగిరిపోబోతుంటే ఆవిడ దాని కొస అందుకుంది. ఇద్దరూ నవ్వుతున్నారు. ఆ ఫోటో తీసింది నేను. నా పాత కెమెరాతో తీశాను. ఈ సంగతి ఆ ఇంట్లో చాలాసార్లు చెప్పాను. విన్నవాళ్ళు ఉన్నారు. నమ్మినవాళ్ళు లేరు.

ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేస్తూ, కోరి కోరి హైదరాబాద్ వెళ్ళి ఆ కెమెరా కొనుక్కున్నాను. లెన్సు మార్చుకునే డిజిటల్ కెమెరా. అప్పటికి మా వైపు స్టూడియోలవాళ్ళే ఇంకా రీళ్ళు వేస్తున్నారు. మొదటిసారి అత్తారింటికి తీసుకెళ్ళినప్పుడు మా మామగారు దాన్ని రెండు చేతులా పట్టుకుని తూచినట్టుగా పైకీ కిందికీ ఊపారు. ఆయనది బట్టల కొట్టు. దేనికైనా ముందు బరువు చూస్తారు.

"బరువుందండి. సరుకు మంచిదే," అన్నారు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అన్నప్రాశన అయినా, వ్రతమైనా నేను లేకుండా పీటలు వెయ్యలేదు. పంతులుగారు మంత్రం ఆపి మరీ నా వైపు చూసేవారు. కాఫీ మొదట నాకు వచ్చేది. ఆ సంవత్సరాల ఆల్బమ్‌లు తిరగేస్తే ఒక్కదాంట్లోనూ నేను లేను. తీసేవాడు ఫోటోలో ఎలా ఉంటాడు? అప్పుడు దాన్నొక లోటుగా అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను.

తర్వాత మా మరదలి పెళ్ళయింది. ఆ పెళ్ళికీ నేనే ఫోటోలు తీశాను. తలంబ్రాలు ఇంకా జుట్టులోంచి రాలుతుండగా పెళ్ళికొడుకు, అంటే నా తోడల్లుడు, నా వైపు వంగి అడిగాడు.

"అన్నయ్యగారూ, ఎన్ని మెగాపిక్సెల్సండీ అది?"

"ఆరు."

"ఓహో. ఆరా."

అంతే అన్నాడు. అందులో తప్పేముందని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. రాసి చూపిస్తే ఏమీ లేదు. వింటే తెలుస్తుంది.

అతను విశాఖపట్నంలో బ్యాంకు ఆఫీసరు. పెళ్ళయిన రెండో ఏడో, మూడో ఏడో తనూ ఒక కెమెరా కొన్నాడు. నాది ఏ కంపెనీదో అతనిదీ అదే. అయితే అది పన్నెండు మెగాపిక్సెల్స్. ఆ అంకెను అతను నాతో ఎప్పుడూ అనలేదు. మామగారే అందరితో అనేవారు. "ఇది పన్నెండండి. అది ఆరు." రెండు తానులు పక్కపక్కన పరిచి గజం కొలిచి చెప్పినట్టుండేది.

న్యాయంగా చెప్పాలంటే కొత్తదానిలో కొన్ని సుగుణాలు ఉన్నాయి. చీకటి కల్యాణ మండపంలో ఫ్లాష్ లేకుండా తీసినా బొమ్మ నున్నగా వచ్చేది. నాదాంట్లో ఆ వెలుతురులో తీస్తే మనుషుల ముఖాల మీద నూకలు చల్లినట్టుండేది. అతని మెమరీ కార్డు బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. నాది అగ్గిపెట్టె అంత వెడల్పు. అతను మీట నొక్కితే పక్కవాడికి కూడా వినపడదు. నేను నొక్కితే ఠపీమని చప్పుడై పంతులుగారు ఉలిక్కిపడేవారు.

ఇంకొకటి ఉంది. ఫోటో పడే పలకను సెన్సార్ అంటారు. అంతర్వేది తీర్థంలో రథం కదులుతుంటే గబగబా లెన్సు మార్చాను. అప్పుడు నా కెమెరాలో ఆ పలక మీద ఒక ధూళి కణం కూర్చుంది. ఎంత ఊదినా కదల్లేదు. హైదరాబాద్ పంపి శుభ్రం చేయించాలి. పంపితే వచ్చేవరకూ నా చేతిలో కెమెరా ఉండదు. అందుకని ఊరుకున్నాను. ఫోటోలో ఆకాశమో, తెల్లగోడో ఉంటే కుడివైపు పైమూలలో ఒక బూడిదరంగు చుక్క కనిపించేది. ఎప్పుడూ అక్కడే. అతని కెమెరా మాత్రం ఆన్ చేసినప్పుడల్లా, తడిసిన కుక్క ఒళ్ళు విదిలించుకున్నట్టు, తన దుమ్ము తనే దులుపుకుంటుందట.

అయితే ఇవేవీ అసలు తేడా కాదు. అసలు తేడా కెమెరా వెనకాల ఉండే తెర. నాది అగ్గిపెట్టె మూతలో సగం ఉంటుంది. ఫోటో చూపించాలంటే ఒక్కొక్కళ్ళే దగ్గరకొచ్చి కళ్ళు చికిలించి చూడాలి. "బానే ఉన్నట్టుందండి," అనేవారు. అతని తెర దానికి మూడింతలు. తీసిన మరుక్షణం ఎత్తి పట్టుకుంటే ఆరుగురు ఒకేసారి "అబ్బా!" అనేవారు. ఎవరి ఫోటో బాగుందో తేల్చింది ఆ తెరే. కాగితం మీద వచ్చేవరకూ ఎవరూ ఆగలేదు. కాఫీ కూడా మొదట ఎటు వెళ్ళాలో ఆ తెరే నిర్ణయించింది.

మా మామగారి షష్టిపూర్తికి మండపంలో నన్ను పంతులుగారి పక్క నుంచి లేపారు. "మీరు హాయిగా కూచోండి అన్నయ్యగారూ, నేను చూసుకుంటాను," అన్నాడు తోడల్లుడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత మర్యాదో అనుకున్నారు. నేను హాయిగా కూర్చున్నాను. ఆ రోజు ఫోటోల్లో నేను ఉన్నాను. ప్రతిదాంట్లోనూ ముఖం పక్కకు తిప్పుకుని ఉన్నాను.

ఆ సాయంత్రం మామగారికి ఒక కోరిక పుట్టింది. హాల్లో పెట్టుకోవడానికి దంపతులిద్దరిదీ ఒక పెద్ద ఫోటో కావాలి. వెనకాల గోదావరి ఉండాలి. ఆ హాల్లో ఎదురుగోడ ఎప్పటి నుంచో ఖాళీగా ఉంది. ఇన్నేళ్ళూ ఆ ఇంటి ఫోటోలు తీసింది నేను. ఆ గోడ నాదని అనుకోవడంలో నాకు తప్పు కనిపించలేదు. మామగారు మాత్రం చిన్నల్లుడి భుజం తట్టి, "పొద్దున్నే నరసాపురం రేవుకి పోదామండి," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "మీరూ రండి అల్లుడుగారూ. కార్లో చోటుంది."

చోటుందట.

పొద్దున్నే వెళ్ళాం. మామగారూ, అత్తగారూ, మా ఆవిడ, మరదలు, తోడల్లుడు, నేను. రేవు దగ్గర గాలి బాగా వీస్తోంది. తోడల్లుడు ఆ ఇద్దరినీ నిలబెట్టి చాలాసేపు సర్దాడు. గడ్డం కిందికి, భుజం ఇటు, అత్తయ్యగారు కొంచెం నవ్వాలి. మా అత్తగారు అల్లుళ్ళ ఎదుటకు రావడమే తక్కువ. నవ్వమంటే ఆవిడ ఇంకా బిగుసుకుపోయింది. కొంగు పెదవుల దాకా వచ్చింది. మామగారు కొట్లో ఇన్‌కమ్‌టాక్స్‌వాళ్ళు కూర్చున్నట్టు నిలబడ్డారు. అలాంటివి ఓ ముప్ఫై తీసి అతను కెమెరా దించాడు.

అప్పుడు మామగారు నా మీద జాలిపడ్డారు.

"పెద్దల్లుడుగారు కూడా ఒకటి తీసుకుంటారు పాపం. మోసుకొచ్చారు కదా."

నేను కెమెరా ఎత్తేసరికి తోడల్లుడు తన తెర ఎత్తి పట్టుకున్నాడు. మరదలు అటు తిరిగింది. మా ఆవిడ కూడా తిరిగింది. ఆ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. ముగ్గురూ నాకూ, గోదావరికీ వీపులు పెట్టి తెరలో గోదావరిని చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే గాలి కండువాను లాగింది. మామగారు "ఓరి దీన్ని" అంటూ చెయ్యి విసిరారు. ఆయన చేతికి అందలేదు. అత్తగారు ఒక్క అంగలో కొస పట్టుకుని, ఎవరూ చూడటం లేదన్న ధైర్యంతో నోరారా నవ్వింది. ఆయన ఆవిడను చూసి నవ్వారు. ఠపీ.

మళ్ళీ సర్దుకుని నిలబడితే తోడల్లుడు ఇంకో నాలుగు తీశాడు. ఇంటికొచ్చేశాం.

ఇద్దరి కార్డులూ మెయిన్ రోడ్డులోని కలర్ ల్యాబ్‌లో ఇచ్చాం. ల్యాబ్ అతను అన్నీ ఒకే సీడీలో వేసి, వరసగా తన నంబర్లు పెట్టుకున్నాడు. ఆ రాత్రి భోజనాలయ్యాక హాల్లో టీవీకి ఎక్కించి చూశాం. బిగుసుకున్నవి ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళాయి. కండువా ఫోటో రాగానే మామగారు కుర్చీలో ముందుకు జరిగారు.

"ఆపండాపండి! ఇదీ ఫోటో అంటే. చూశారా ఆ నవ్వు? కొత్త సరుకు కొత్త సరుకేనండి."

"ఇది నేను తీసింది మామయ్యగారూ," అన్నాను.

"అవునాండి," అన్నారు, చిన్నపిల్లాడు చందమామను ఆకాశంలోకి తనే ఎక్కించానంటే పెద్దవాళ్ళు అనే గొంతుతో.

నా కెమెరా తెచ్చి, దాని తెర మీద అదే ఫోటో తెరిచి చూపించాను. ఆయన దూరంగా పట్టుకున్నారు. దగ్గరగా పట్టుకున్నారు. "ఏంటండీ ఇది, రెండు చీమలు నిలబడ్డట్టున్నాయి," అన్నారు.

నేను ఊరుకునేవాణ్ణి కాదు. టీవీ దగ్గరకు వెళ్ళి ఆకాశంలో చుక్క మీద వేలు పెట్టాను. "ఇదిగో ఈ చుక్క చూడండి. నా ఫోటోలన్నిటిలో ఇక్కడే ఉంటుంది. తమ్ముడుగారి ఫోటోల్లో ఉండదు."

"అది ఈగేమోనండి," అని వంటింటి గుమ్మం వెనక నుంచి అత్తగారి గొంతు వినపడింది. మరదలు లేచి తువ్వాలుతో టీవీ మీద విదిలించింది. చుక్క కదల్లేదు. అంతకుముందు ఫోటోకు వెళ్ళాం. అది తోడల్లుడిది, చుక్క లేదు. నా పాత ఫోటోల సీడీ పెట్టించాను. చుక్క ఉంది, అక్కడే ఉంది. ఆఫీసులో ఏ ఫైలూ నేను ఇంత బాగా నిరూపించలేదు.

మామగారు తలాడించారు. "అంటే మీ కెమెరాలో మచ్చుందన్నమాట. అయ్యో పాపం. ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండీ?"

నేను నిరూపించింది అదొక్కటే అయింది. తోడల్లుడు పెద్దమనసు చేసుకున్నాడు. "ఇద్దరం ఒకేసారి నొక్కి ఉంటాం లెండి అన్నయ్యగారూ," అన్నాడు. ఆ మాటతో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అతను అటు తిరిగి తెర చూపిస్తున్నాడని చెప్పబోయాను. "ఏవండీ, ఇక వదిలెయ్యండి," అంది మా ఆవిడ. సాక్షి ఆవిడే కావాల్సింది. ఆవిడ కూడా అటే తిరిగి ఉందని ఇందాకే రాశాను.

పెద్ద ప్రింటు వేయించడానికి మామగారే ల్యాబ్‌కు వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. ల్యాబ్ అతను కంప్యూటర్లో ఫోటో తెరిచాడు.

"ఆకాశంలో మచ్చుందండి. తీసేమంటారా?"

"తీసెయ్యండి, తీసెయ్యండి," అన్నారు మామగారు.

"వద్దు," అన్నాను నేను.

ల్యాబ్ అతను ఇద్దరినీ చూశాడు. మామగారు ఆ వీధిలో అందరికీ తెలిసినవారు. "ఆయ్, ఎంతసేపండి," అని ఒక్క నొక్కు నొక్కాడు. నా చుక్క పోయింది. ఆకాశం ఎవరిదో తెలియకుండా మిగిలింది.

ఫోటో ఫ్రేము కట్టించి ఎదురుగోడకు పెట్టారు. కొట్టుకొచ్చే షావుకార్లు ఇంటికొస్తే చూసి మెచ్చుకునేవారు. మొదట్లో మామగారు "మా అల్లుళ్ళు తీశారండి" అనేవారు. కొన్నాళ్ళకు "మా చిన్నల్లుడు" అయింది. ఆ తర్వాత నేను పక్కనే కూర్చుని ఉన్నా "పన్నెండు మెగాపిక్సెల్సండి" అనేవారు. నేను సరిదిద్దేవాణ్ణి. వచ్చినవాళ్ళు నవ్వి కాఫీ తాగేవారు.

నాకు వేరే దారి లేకపోయింది. నా కార్డులోని అసలు ఫోటోను రాజమండ్రిలో ప్రింటు వేయించాను, చుక్కతో సహా. అంతే సైజు, అలాంటి ఫ్రేమే. ధవళేశ్వరంలో మా ఇంటి హాల్లో పెట్టుకున్నాను. "ఆ మచ్చొకటి తీయించకూడదూ," అంటుంది మా ఆవిడ దుమ్ము దులిపినప్పుడల్లా. అది తీయించడానికి కాదు, పెట్టుకోవడానికే అంత దూరం వెళ్ళానని ఆవిడకు ఎన్నిసార్లని చెప్పను?

ఒకసారి రాజమండ్రిలో కంటి డాక్టరు దగ్గరకని వచ్చి, అత్తగారూ మామగారూ మా ఇంట్లో దిగారు. మామగారు హాల్లో ఫోటో చూసి ఆగిపోయారు. దగ్గరకు వెళ్ళారు. కండువా కొసతో అద్దం మీద, చుక్క ఉన్నచోట, రెండుసార్లు తుడిచారు. వెనక్కొచ్చి తల ఒక పక్కకు వంచి చూశారు.

"మీరూ ఇలాంటిదే తీశారన్నమాట. బాగుందండి, బాగోలేదని కాదు. కానీ మా ఇంట్లోదాని ముందు ఇది కొంచెం తేలిపోతుందండి. కొత్త కెమెరాకీ పాతదానికీ ఆ మాత్రం తేడా ఉంటుంది కదా."

ఒకే ఫోటో. ఒకే నవ్వు, ఒకే కండువా. అయినా తేడా కనిపించింది ఆయనకు. నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి అత్తగారు మా ఆవిడతో అంటున్న మాట వినపడింది.

"మీ నాన్నగారిది చాదస్తం కాకపోతే! ఆ కండువా ఎగిరినప్పుడు చిన్నల్లుడుగారు అటు తిరిగున్నారు కదే. మీరంతా అక్కడే మూగారు. ఠపీమని చప్పుడైంది. ఆ చప్పుడు ఈ అల్లుడుగారి డబ్బాదే. నాకు తెలీదూ?"

ఆ ఒక్క మాట ఆ రాత్రి హాల్లో అనుంటే నా చుక్క ఆకాశంలోనే ఉండేది. అప్పుడు ఈగ అంది ఆవిడ. అయినా ఆలస్యంగానైనా సాక్షి దొరికింది. నేను గుమ్మం దాకా వెళ్ళి, "మామయ్యగారూ, విన్నారా? అత్తయ్యగారు చూశారు," అన్నాను.

మామగారు పెద్దగా నవ్వారు.

"ఆవిడ చూసిందా! కళ్ళజోడు లేకపోతే ఆవిడకి మనిషికీ గుంజకీ తేడా తెలీదండి. ఆ రోజు ఫోటోల కోసమని తీసి కార్లో పెట్టింది. కావాలంటే మీరే చూడండి."

ఆయన వేలు గోడ మీద ఫోటోకేసి చూపించింది. చూశాను. నిజమే, కళ్ళజోడు లేదు. ముక్కుకి రెండు పక్కలా కళ్ళజోడు నొక్కిన గుర్తులు కూడా తెలుస్తున్నాయి. నా ఆరు మెగాపిక్సెళ్ల ఫోటో అంత స్పష్టంగా ఉంది.