బాబా బదులు స్పెయిన్ తొక్కిన డ్రైవరు

కువైట్‌కు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, అలసట అనేది వయసు మళ్ళినవాళ్ళకు వచ్చే జబ్బని నా గట్టి నమ్మకం. కడప జిల్లాలో రెండు పాల క్యాన్లు కట్టుకుని రోజూ మూడు ఊళ్ళు సైకిల్ తొక్కిన ఇరవై ఆరేళ్ళవాడికి, ఏసీ కారులో కూర్చుని స్టీరింగ్ తిప్పడం ఒక పనేనా అనుకునేవాణ్ణి. ఇప్పుడు మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఆ నమ్మకం ఎక్కడ పోయిందా అని ఆలోచిస్తే, అది స్పెయిన్ దేశంలో ఒక కొండ మలుపు దగ్గర పోయిందని తేలింది. నేను స్పెయిన్ ఎప్పుడూ పోలేదు లెండి. (నా పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉంటే నేనెక్కడికి పోతాను?)

మా ఇల్లు ఎగైలాలో. మా ఇల్లంటే బాబా ఇల్లు. (ఇంటి యజమానిని బాబా, యజమానురాలిని మామా అనడం ఇక్కడి పనివాళ్ళ అలవాటు. వయసులో బాబా నాకంటే పదేళ్ళే పెద్ద.) తెల్లారి ఐదింటికి లేచి కారు తుడవడం, ఇద్దరు పిల్లల్ని బడిలో దించడం, మామాను ఆఫీసులో దించడం, కూరగాయలు, ఇస్త్రీ బట్టలు, షువైఖ్ గ్యారేజీలో ఎప్పుడూ ఏదో ఒక జబ్బుతో పడుండే బాబా రెండో కారు, మళ్ళీ బడి, మళ్ళీ ఆఫీసు, సాయంత్రం మాల్. ఇంత తిరిగినా నాకు కువైట్‌లో ఐదారు రోడ్లు మించి తెలియవు. అలాంటి రోజుల్లో డాక్టరు బాబాకు షుగర్ వచ్చిందని చెప్పి సైకిల్ తొక్కమన్నాడు. బాబా ఖరీదైన సన్న చక్రాల సైకిల్ ఒకటి కొని, మేడ మీద గదిలో ఒక యంత్రానికి బిగించి, ఎదురుగా గోడంత టీవీ పెట్టించాడు. టీవీలో స్పెయిన్ పల్లెటూరి రోడ్లు వస్తాయి. మనం తొక్కితే రోడ్డు కదులుతుంది, టీవీలో కొండ వస్తే ఇక్కడ పెడల్ బిగుసుకుంటుంది. బాబా అన్నదమ్ములు, పినతండ్రి కొడుకులు, అంతా కలిసి తొమ్మిది మంది ఇలాంటివే కొన్నారు. ఎవరెన్ని కిలోమీటర్లు తొక్కారో అందరి ఫోన్లలో కనిపిస్తుంది. గురువారం సాయంత్రం దివానియాలో (మగవాళ్ళంతా చేరి కబుర్లు చెప్పుకునే గది) టీలు తాగుతూ దాని గురించే మాట్లాడుకునేవారు. బాబా నాలుగు రోజులు తొక్కాడు. ఐదో రోజు నన్ను పైకి పిలిచాడు.

"నువ్వు డ్రైవర్. కారు నడుపుతావు కదా? ఇదీ నడుపు. యల్లా!" అన్నాడు తన వచ్చీరాని హిందీలో. కాదనడానికి నాకు ఏ కారణమూ తట్టలేదు. పైగా ఆయన ఇంకో మాట అన్నాడు. నేను కువైట్ వచ్చిన మూడో నెలలో నా భార్యకు కూతురు పుట్టింది. రెండేళ్ళు నిండితే గాని సెలవు లేదు. ఫోన్లో తప్ప నేను బిడ్డను చూసింది లేదు. ఆ సంగతి బాబాకు తెలుసు. "ఈ రూట్ ఖలాస్ చెయ్యి. జాబితాలో నా పేరు పైకి రావాలి. నెల రోజులు ఇంటికి పంపిస్తా," అన్నాడు. బిడ్డకు అప్పుడు ఐదో నెల. ఆ మధ్యాహ్నమే లుంగీ ఎగ్గట్టి సైకిలెక్కాను.

నాకు తర్వాత తెలిసిందేమంటే, యంత్రంలో బాబా బరువు నూట పద్దెనిమిది కిలోలని రాసి ఉంది. నేను యాభై ఆరు. కొండ వచ్చినప్పుడల్లా అది నూట పద్దెనిమిది కిలోల మనిషికి తగ్గట్టే పెడల్ బిగించేది. అంటే నన్ను, నాలాంటి ఇంకొకణ్ణి, ఆ పైన ఆరు కిలోల బియ్యం సంచీని మోసుకుంటూ నేను స్పెయిన్ కొండలెక్కాను. కానీ ఆ రోడ్లు మాత్రం ఎంత బాగుండేవో! రెండు పక్కలా బూడిద రంగు ఆకుల ఆలివ్ చెట్లు, తెల్ల సున్నం కొట్టిన ఇళ్ళు, ఎక్కడా మనిషి అలికిడి లేదు, హారన్ లేదు. ఒక ఊరి మొదట్లో బల్ల మీద ఒక తాత కూర్చుని ఉండేవాడు. మూడో రోజు నుంచి ఆయనకు నమస్కారం పెట్టడం మొదలుపెట్టాను. (తాత పలికేవాడు కాదు.) ఆ ఊరు దాటాక ఒక నల్ల కుక్క రోడ్డుకు అడ్డం వచ్చేది. అది టీవీలో కుక్కని, రోజూ అక్కడే వస్తుందని తెలిసినా నేను బ్రేకు పట్టకుండా ఉండలేకపోయాను. డ్రైవర్ చేతులు కదా, వాటంతట అవే పనిచేస్తాయి.

ఒక రూట్ అయింది. బాబా ఐదో స్థానానికి వచ్చాడు, దివానియాలో వీపు మీద చరుపులు తిన్నాడు. సెలవు సంగతి అడిగితే "ఇంకో రూట్" అన్నాడు. అదీ అయింది, మూడో స్థానం. ఇంకొకటన్నాడు. అప్పటికి బిడ్డ బోర్లా పడి పాకుతోందట. ఆ ఇంట్లో వంట చేసే రాయచోటి అక్క ఒకరోజు మజ్జిగ గ్లాసు పట్టుకుని పైకొచ్చి, నా అవతారం చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమబ్బీ, నీకేమన్నా బుద్ధుందా? ఇంత బాగా తొక్కితే నిన్నెట్ల ఇడుస్తారు వీళ్ళు? నేను వచ్చిన కొత్తలో చపాతీలు బాగా చేసినా. పదమూడేండ్లాయ, ఇంకా చేస్తానే ఉండా. మెల్లగ తొక్కు. పనికిరావంటే వాళ్ళే పంపిస్తారు."

"నిజమే అక్కా. రేపట్నించి మెల్లగ పోతా," అన్నాను.

మర్నాడు నిజంగానే మెల్లగా మొదలుపెట్టాను. చెట్లు చూసుకుంటూ, తాతకు నిదానంగా నమస్కారం పెట్టుకుంటూ పోతుంటే, తన ఇంట్లో తొక్కుతున్న బాబా తమ్ముడి బొమ్మ టీవీలో వెనక నుంచి వచ్చి నన్ను దాటిపోయింది. దాటిపోతే పోనీయొచ్చు. ఆ బొమ్మకూ నాకూ ఏం సంబంధం? కానీ పాల క్యాన్లతో బస్సుల్ని దాటినవాణ్ణి, ఎట్లా ఊరుకుంటాను! వాణ్ణి దాటాను, ఇంకొకణ్ణి దాటాను, బాబా రెండో స్థానానికొచ్చాడు. అక్క కింద నుంచి పెడల్ చప్పుడు విని "వీడు బాగుపడడు" అనుకుందట.

చివరి గురువారం తొమ్మిది మందీ ఒకేసారి తొక్కే పందెం పెట్టుకున్నారు. మధ్యాహ్నం పన్నెండింటికి మొదలు. "ఇందులో ముందు రా. అదే ఆఖరు, వల్లా," అని బాబా ఒట్టు వేసి ఆఫీసుకు పోయాడు. నా లుంగీ చెమటకు అంటుకుంటోందని ఆ రోజు బాబా సైకిల్ బట్టలే వేసుకున్నాను. ఆయన ఒంటికి అతుక్కుపోయేవి నాకు గోనెసంచీలా వేలాడితే, అక్క బట్టలారేసే క్లిప్పులు నాలుగు పెట్టి బిగించింది. ఒంటిగంటకల్లా పందెం అయిపోతుంది, ఒంటిగంటన్నరకు పిల్లల బడి వదులుతారు, సరిపోతుందని నా లెక్క. కానీ చివరి కొండ బాబా బరువుతో ఎక్కాలన్నది లెక్కలో మరిచాను. గోడ మీద గడియారం ఒంటిగంటన్నర చూపించడం నాకు కనిపించింది, అబద్ధమెందుకు. ఒక్క కొండే కదా, పైనే నా బిడ్డ ఉందనుకున్నాను. ఫోన్ పక్క గదిలో, విప్పిన ప్యాంటు జేబులో మోగుతోంది.

కొండెక్కాను. టీవీలో బాబా పేరు అన్నిటికంటే పైకి వచ్చింది. ఆనందంతో రెండు చేతులూ పైకెత్తి వెనక్కి తిరిగితే గుమ్మంలో మామా. ఆమె పక్కన ఎండకు ముఖాలు ఎర్రగా కమిలిపోయిన పిల్లలిద్దరు. నలభై నిమిషాలు గేటు దగ్గర నిలబడ్డారట. బడివాళ్ళు ఫోన్ చేస్తే ఆమె ఆఫీసు నుంచి టాక్సీలో పోయి తెచ్చుకుంది.

"షిను హాదా?" అంది. ఏమిటిది అని. క్లిప్పు ఒకటి ఊడి కింద పడింది. చిన్నది కిసుక్కున నవ్వింది, మామా నవ్వలేదు. రేపే నా వీసా క్యాన్సిల్ చేసి పంపుతారు, మళ్ళీ రానివ్వరు అనుకున్నాను. నాకున్న నాలుగు అరబ్బీ ముక్కలూ పోగేసుకుని "మామా, అనా బింత్, తిసా షహర్, మాఫీ షూఫ్" అన్నాను. నాకు తొమ్మిది నెలల కూతురు, చూడలేదు అని. ఆపైన ఏడుపొచ్చింది.

వెనక నుంచి అక్క మిగతాదంతా గడగడా అరబ్బీలో చెప్పేసింది. మామా టీవీలో ఉన్న భర్త పేరు చూసింది, నన్ను చూసింది, మంచినీళ్ళు ఇమ్మని అక్కతో చెప్పింది. తర్వాత నాతో, "ఎండలో నిలబడింది నా పిల్లలు. అది మర్చిపోకు," అని మాత్రం అని కిందికి పోయింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాల్సిందే. సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు గానీ, ఆ గురువారం బాబా దివానియాకు పోలేదు. వారం తిరిగేలోపు పాస్‌పోర్టు, టికెట్టు మామానే తెచ్చి చేతికిచ్చింది.

ఇంటికి పోయేసరికి బిడ్డ గోడ పట్టుకుని నిలబడుతోంది. నేను చేతులు చాచగానే ఊరంతా వినపడేలా ఏడ్చింది. "కొత్త మొగం గదా, రెండు దినాలుంటే అలవాటయితాది," అంది నా భార్య, నన్ను ఓదారుస్తూనే నవ్వాపుకుంటూ. రెండు దినాలు కాదు, నెల పట్టింది. పాత సైకిల్ ముందు కడ్డీకి చిన్న సీటు కట్టించి, శనగ చేల మధ్య రోజూ తిప్పాను. ఎవరి బరువూ లేదు, దాని ఏడు కిలోలు తప్ప. తనంతట తాను, నాయనా అనబోయి "నా" అని, నా మీదికి చేతులు చాచింది నేను మర్నాడు విమానమెక్కాల్సిన సాయంత్రం.

కువైట్ తిరిగొచ్చేసరికి బాబా సైకిల్ మీద అక్క వంటింటి గుడ్డలు ఆరేస్తోంది. ఇప్పుడు బిడ్డ నాలుగో తరగతి, నేను ఇంకా ఇక్కడే, ఇంకో ఇంట్లో డ్రైవరుగా. ఆ ఇరవై ఆరేళ్ళవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. టీవీలో బొమ్మ దాటిపోతోందని రోషపడ్డాడు, పిచ్చోడు! ఎవరెవరినో దాటి అందరికంటే ముందు చేరాడు. కన్నబిడ్డ దగ్గరికి చేరేసరికి మాత్రం, ఆ పిల్ల ఎవరీ మనిషని ఏడ్చింది.