దేవరగట్టుకు పోని కట్టెలు

ఆ రోజుల్లో ధైర్యమంటే పెద్ద గొంతేనని నమ్మేవాళ్లం. ఆదోనిలో పదో తరగతి ఆడపిల్లలం. మా బడి బాత్రూముల్లో నీళ్లు రావు కాబట్టి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా బిగబట్టుకుని కూర్చునేవాళ్లం. ఒకరోజు నా పక్కన కూర్చునే పొడుగుపిల్ల ప్రేయర్లోనే కళ్లు తిరిగి పడిపోయింది. దాంతో బడి గేటు ముందు బైఠాయించాలని తీర్మానించాం. నినాదాలు రాసిన అట్టలు మా ఇంట్లో మంచం కిందా, వాటికి కట్టాల్సిన వెదురు కట్టెలు తలుపు వెనకా దాచాం. (దసరా దగ్గర పడిందన్న సంగతి ఇంతమంది నాయకురాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.)

ధర్నాకు ముందురోజు సాయంత్రం నేనూ పొడుగుపిల్లా నినాదాలు బట్టీ పడుతుంటే ఎస్సై, ఒక కానిస్టేబులు ఇంట్లోకి వచ్చారు. బియ్యం ఏరుతున్న అమ్మ చేటతోనే లేచి నిలబడింది. "రేపు బడికాడ గలాటా సేస్తారంట? కేసు పెడితే పరీచ్చ యాడ రాస్తావు పాపా, జైల్లోనా?" అన్నాడు ఎస్సై. "మాకేం తెల్దు సార్" అన్నాను. నా పెద్ద గొంతు ఎటు పోయిందో పోయింది. అంతలో కానిస్టేబులు తలుపు వెనక నుంచి కట్టెలు బయటికి లాగాడు. "ఇవేంది?" పొడుగుపిల్ల నన్ను కాపాడేద్దామని గబుక్కున అనేసింది: "ఈ పాప వాళ్ల నాయనవి సార్! దేవరగట్టు జాతరకు!"

దసరా రాత్రి ఆ కొండ దగ్గర కట్టెలతో కొట్టుకుంటారనీ, అందుకే పండగ ముందు పోలీసులు ఊరూరా తిరిగి కట్టెలు పట్టుకుంటారనీ మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. ఎస్సై బడి సంగతి వదిలేసి కుర్చీ లాక్కున్నాడు. "మీ నాయన యాడుండాడు? పిలుచుకరా, బైండోవర్ సేయల్ల. కొట్లాటకు పోనని సంతకం పెట్టల్ల."

మా నాయన పత్తి మార్కెట్లో హమాలీ. దేవరగట్టు మాట అటుంచి, ఇంట్లో కోడిని కోస్తుంటేనే వీధిలోకి పోయే మనిషి. నేను నోరు మూసుకుంటే ఆయన స్టేషనుకు పోతాడు, విప్పితే మా ధర్నా పోతుంది. మంచం కింద దూరి అట్టలన్నీ తెచ్చి ఎస్సై ముందు పరిచాను. "వీటికి కట్టేకి తెచ్చినాము సార్ ఆ కట్టెలు. మా నాయనకేం తెల్దు. బాత్రూములో నీళ్లు ల్యాక మేం నీళ్లు తాగేదే ఇడిసిపెట్టినాము" అని భోరుమన్నాను.

ఎస్సై ఒక అట్ట చదివాడు. "కట్టెలు జీపులో ఎయ్" అన్నాడు కానిస్టేబులుతో. "రేపు గేటుకాడ కనపడితే మీ నాయన్నే తీస్కపోతా." జీపు వెళ్లాక పొడుగుపిల్లా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అమ్మ చేట పక్కన పెట్టింది. "నా పాత సీర అంచు సించిస్తా, అట్టలు మెడకు కట్టుకోండి. రేపు నేనూ వస్తా" అంది.

మర్నాడు మేమంతా బడి గేటు ముందు కూర్చున్నాక జీపు రానే వచ్చింది. అమ్మ లేవలేదు. ఆమె కొంగు పట్టుకుని మేమూ లేవలేదు. ఎస్సై మా మెడల్లో అట్టలు చదువుకుంటూ వరస చివరిదాకా నడిచి, ఎవరికో ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి ట్యాంకరు వచ్చింది. పొడుగుపిల్ల ఆ పూట తాగిన నీళ్లకు లెక్క లేదు.

ఇప్పటికీ దసరా ముందు పేపర్లో పోలీసులు పట్టుకున్న కట్టెల ఫొటో వేస్తే, మావేమైనా ఉన్నాయా అని వెతుకుతాను. ఇన్నేళ్లయినా వాటిని తిరిగి ఇవ్వలేదు. (స్టేషనుకు పోయి అడగాలంటే అమ్మ తోడు రావాలి. ఇప్పుడు అమ్మ లేదు.)