అరుగు తీయించినవాణ్ణి

మా బజారును బాగుచేసే ప్లాను రాసింది నేనే. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది కానీ, అప్పుడు నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

శ్రీకాకుళంలో మాది పాత బజారు. పెంకుటిళ్ళ కొట్లు, చెక్క తలుపులు, ముందు రొమ్మెత్తు అరుగులు. మాది చింతపండు, బెల్లం కొట్టు. బేరాలన్నీ మెయిన్ రోడ్డుకు తరలిపోయి వీధి కళ తప్పింది. బాగుచేస్తాం, ఏం కావాలో మీరే రాసివ్వండి అన్నారు మునిసిపాలిటీవాళ్ళు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదివినవాణ్ణని వీధివాళ్ళు ఆ పని నాకు అప్పజెప్పారు. పెంకులు, తలుపులు ముట్టుకోవద్దని, పాత అందం చెడకూడదని తెగ రాశాను. అరుగులు మాత్రం దారికి అడ్డం, తీసేసి బెంచీలు వేయమన్నాను.

నాన్న ఒక్కడే అరుగు ఉండనీరా అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

మా అరుగు చివర రోజూ మధ్యాహ్నం ఒక ఎండుచేపలామె వచ్చి గంప పెట్టి, మెట్లెక్కి కూర్చునేది. సముద్రపు ఒడ్డు నుంచి బస్సులో వచ్చేది. మేము నీచు ముట్టనివాళ్ళం. ఆమె రాగానే నాన్న అగరొత్తులు వెలిగించి సణిగేవాడు. రాని రోజున మాత్రం వీధి చివరికేసి నాలుగుసార్లు చూసేవాడు. ఆ సణుగుడు లేని మధ్యాహ్నం నాకూ తోచేది కాదు. ఆ సణుగుళ్ళ రోజులంటే నాకిప్పటికీ బెంగే.

పనులు అయ్యాయి. వీధి నిజంగానే బాగుంది, జనం మళ్ళీ రావడం మొదలుపెట్టారు. పని జరిగినన్నాళ్ళూ రాని ఆమె ఒక మధ్యాహ్నం తలమీద గంపతో వచ్చి మా కొట్టు ముందు నిలబడిపోయింది. బెంచీ మోకాలెత్తే ఉంది. ఒంటరిగా అంత బరువు అంత కిందికి దించడం ఆమె వల్ల కాదు. అరుగైతే ఎవరి సాయమూ లేకుండా గంపను తలమీంచి దానిమీదికి జరుపుకునేది, వెళ్ళేటప్పుడు తలకెత్తుకునేది. ఇన్నేళ్ళూ కళ్ళముందే చూశాను, నాకు తట్టలేదు.

"బావూ, అరుగేదీ? గంప ఎక్కడ దించుకోమంతావు?" అంది.

నాన్న గల్లా దగ్గర నుంచి లేచి వీధిలోకి దిగాడు. పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టని మనిషి రెండు చేతులా ఆ గంప పట్టుకుని దించాడు. సాయంత్రం మళ్ళీ ఆయనే ఎత్తాడు.

చేతులు కడుక్కుంటూ నా వైపు చూడకుండానే అన్నాడు.

"రేపట్నుంచి నువ్వు దించు. అరుగు తీయించినోడివి నువ్వే కదరా."