ఆయిల్ మూత కింద మీగడ

నాకు చిన్నప్పటి నుంచి మీగడ అంటే అసహ్యం. పాల మీద సన్నటి తెట్టు కనబడినా గ్లాసు పక్కన పెట్టేస్తాను. ఒకరు తాగిన గ్లాసులో మంచినీళ్లు కూడా తాగలేను. పెళ్లయిన కొత్తలో నా భార్య ఇది చూసి, ఏ జమీందారు ఇంట్లో పుట్టాల్సినవాడివో మా ఇంటికి అల్లుడివయ్యావని ఎగతాళి చేసేది. అలాంటి నాకు కువైట్‌లో ఒక చలికాలం ఆ మీగడ కారు ఇంజన్‌లో ఎదురైంది.

సబా అల్ సలేంలో ఒక ఇంట్లో డ్రైవర్‌ని. నా భార్యది అదే ఇంట్లో వంటపని. అంతకు ముందు ఆమె ఇక్కడ, నేను కడప పక్కన మా ఊళ్లో. ఫోన్‌లోనే కాపురం. మొగుడూ పెళ్లాలకు వీసా ఇచ్చే యజమాని, అదే కఫీల్, ఒక్కడే అయి ఒకే ఇంట్లో పని దొరకడం ఎంత అదృష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఆ ఉదయం చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. బానెట్ ఎత్తి, ఆయిల్ పోసే మూత తిప్పాను. మూత లోపలంతా పసుపూ తెలుపూ కాని నురగ. పులిసిన పెరుగు మీది తెట్టులా చిక్కగా ఉంది. తాకితే వేలితో పాటు సాగింది. కాలిన నూనె కంపు, దాని వెనక తడిగుడ్డ వాసన. పక్కకు తిరిగి ఉమ్మేశాను.

అప్పుడే కఫీల్ బయటికి వచ్చాడు. ఆయన్ని మేం బాబా అంటాం, ఆయన భార్యని మామా అంటాం. రోజూ తెల్లారే సబ్బునీళ్లతో కారు కడగడం నా పని కాబట్టి బకెట్ అక్కడే ఉంది. దాంట్లోనూ నురగే. బాబా మూతను చూశాడు, బకెట్‌ను చూశాడు, ఇంజన్‌లో సబ్బునీళ్లు పోశావని తేల్చేశాడు. వచ్చీరాని అరబ్బీలో కాదు బాబా, కాదు బాబా అంటూనే ఉన్నాను. ఆయన నురగను వేలితో తీసి నా ముక్కు దగ్గర పెట్టి వాసన చూడమన్నాడు. తర్వాత ఆ వేలిని నా చొక్కాకే తుడిచాడు. నురగ కన్నా ఆ వేలి మీదే ఎక్కువ రోత పుట్టింది.

మధ్యాహ్నం నా భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించింది.

"ఇంజన్ పోయుంటే నిన్ను పనిలోంచి ఖలాస్ చేసి ఊరికి పంపిస్తాడంట. మామాతో చెప్తా ఉంటే ఇన్న్యా. నేనీడ, నువ్వాడ. మళ్లా మొదటికే వచ్చె కదయ్యా."

మర్నాడు పాత ఇంజన్లు అమ్మే అమ్ఘరాకు బయలుదేరాం. బాబా పక్క సీట్లో కూర్చున్నాడు. అక్కడి మెకానిక్ మూత తిప్పితే నురగ చాలావరకు కరిగిపోయి ఉంది. ఆయిల్ పుల్ల లాగి చూశాడు, శుభ్రంగా ఉంది. రేడియేటర్ డబ్బాలో నీళ్లూ తగ్గలేదు. బండి ఎక్కడెక్కడ తిప్పుతావని హిందీలో అడిగాడు.

ఎక్కడికేముంది? పిల్లల బడి రెండు సందుల అవతల. మామాకు రొట్టెలు వీధి చివర. ఆగిన ప్రతిచోటా ఇంజన్ ఆపేస్తాను. ఇక్కడి డ్రైవర్లు ఏసీ కోసం ఆన్‌లోనే ఉంచుతారు గానీ, పెట్రోలు ఊరికే కాలుతుంటే మా సీమ ప్రాణం ఒప్పుకోదు. ఇంజన్ సరిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే లోపలి చెమ్మ పోదని, అది చలికి మూతకు పట్టి నూనెతో కలిసి నురగ కడుతుందని మెకానిక్ చెప్పాడు. ఇంజన్‌కు ఏమీ కాలేదు, అప్పుడప్పుడు దూరం తోలితే చాలన్నాడు. అదే మాట బాబాకు అరబ్బీలో చెప్పాడు.

బాబా నవ్వాడు. తప్పయిందని అంటాడేమోనని చూశాను. పిచ్చి ఆశ. ఇక పద అన్నట్టు "యల్లా" అని కారెక్కాడు.

తిరుగుదారిలో ఎడారి పక్కన ఒంటెలు కనబడితే ఆపమన్నాడు. కాపరి మా ముందే గిన్నెలోకి పాలు పిండి ఇచ్చాడు. పైన బెత్తెడు నురగ. బాబా సగం తాగి, నా చొక్కాకు తుడిచిన ఆ చేత్తోనే గిన్నె నాకు అందించాడు. తాను తాగిన గిన్నెను చేతికివ్వడం వాళ్లలో మర్యాద. పనివాడికి ఇవ్వడం ఇంకా పెద్ద మర్యాద. ఆయన తప్పు ఒప్పుకునే తీరు అదేనని నాకు అర్థమైంది. మా లెక్కలో మాత్రం అది ఎంగిలి. గోరువెచ్చటి నురగ, ఒంటె వాసన, గిన్నె అంచున ఆయన పెదవుల తడి.

వద్దంటే ఏమీ కాకపోవచ్చు. ఆయన మొహం మాడ్చుకోనూవచ్చు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ నా భార్య గుర్తొచ్చింది. ఊపిరి బిగబట్టి అడుగుదాకా తాగేశాను. బాగుందా అని అడిగితే బాగుంది బాబా అన్నాను. ఆయన పక్కన కూర్చుని మూతి కూడా తుడుచుకోలేకపోయాను.

ఇంటికి రాగానే నా భార్య ఎదురొచ్చింది. ఇంజన్ బాగుందట, నా పని పోలేదని చెప్పాను.

"మీసాల మీదేందయ్యా అది?"

"మీగడ" అన్నాను.

నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. చున్నీ కొసను కొళాయి కింద తడిపి, నా మీసాలు తుడిచింది.